పచ్చి బొమ్మ ఉన్న ఇల్లు

తెనాలిలో మా మావయ్య షెడ్డుకి బోర్డు ఉండేది కాదు. స్టేషన్ దగ్గర రిక్షా ఎక్కి "బొమ్మల షెడ్డుకి పోనీ" అంటే చాలు, కాలవ గట్టు మీదుగా తీసుకొచ్చి దింపేవాళ్ళు. ముందు తాటాకు పందిరి, వెనక రేకుల షెడ్డు, రెంటికీ మధ్య మట్టి నానబెట్టే సిమెంటు తొట్టి. గోడ వారన తలలు వరసగా ఉండేవి. ప్లాస్టర్ గాంధీ, ముక్కు చివర విరిగిన పొట్టి శ్రీరాములు, ఇద్దరు ముగ్గురు అంబేద్కర్లు, ఆ పక్కన ఎవరెవరి తాతలో. అడ్వాన్స్ ఇచ్చి, మిగతా డబ్బుకి మొహం చాటేసినవాళ్ళ తాతలన్నమాట. ఆ వరసే అన్నిటికంటే పొడుగు.

మా ఊళ్ళో హైస్కూలు లేదు. అందుకని తొమ్మిదీ పదీ మావయ్య ఇంట్లో ఉండి చదువుకున్నాను. తిండి పెట్టినందుకు చాకిరీ అని ఎవరూ అనలేదు గానీ, మట్టికి నీళ్ళు కొట్టే పని మాత్రం వెళ్ళిన మర్నాడే నా మెడకి చుట్టుకుంది. పొద్దున బడికి పోయే ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి, ఎండాకాలంలో మధ్యాహ్నం ఇంకోసారి.

1986లో అనుకుంటా, పక్క మండలం నుంచి ఓ కమిటీ వచ్చింది. అదే ఏడు హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు పెట్టారు. ఆ ఫోటోలు పేపర్లలో వచ్చాక ఊరూరికీ విగ్రహాల మీద మోజు పుట్టింది. వచ్చినవాళ్ళకి మాత్రం కావలసింది నాయకుడి విగ్రహం కాదు. వాళ్ళ హైస్కూల్లో పాతికేళ్ళకి పైగా లెక్కలు చెప్పి, రిటైరై, ఆ తర్వాత పోయిన మాస్టారిది. పాత విద్యార్థులంతా చందాలు వేసుకున్నారు. అందులో ఒకాయన రైస్ మిల్లు యజమాని, ఇంకొకాయన ఎల్‌ఐసీ ఏజెంటు, ఒకరిద్దరు రైతులు. చందాలో పెద్ద వాటా మిల్లాయనదే కాబట్టి మాటల్లోనూ పెద్ద వాటా ఆయనదే.

వాళ్ళు తెచ్చింది ఒక్కటే ఫోటో. రిటైరైన రోజు స్టాఫంతా కూర్చుని తీయించుకున్న గ్రూప్ ఫోటో. అందులో మాస్టారి మొహం గోరంత. కళ్ళద్దాల మీద వెలుగు పడి రెండు తెల్లటి చుక్కలు తప్ప కళ్ళు లేవు.

మావయ్య ఆ ఫోటోని భూతద్దం పెట్టి చూసి పక్కన పడేశాడు. "ఆయన ఎలా నిలబడేవాడు?" అని అడిగాడు.

కమిటీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా మంచివారండీ, చాలా స్ట్రిక్టండీ, జీతంలోంచి పేదపిల్లలకి పుస్తకాలు కొనేవారండీ అని మొదలుపెట్టారు. మావయ్య అవేవీ వినిపించుకోలేదు. "మంచితనం నేను చెయ్యలేనండీ. నిలబడటం చెప్పండి" అన్నాడు. అప్పుడు మిల్లాయన కుర్చీలోంచి లేచాడు. చేతులు వెనక్కి పెట్టి, కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, ఎడమ భుజం కాస్త దించి, గడ్డం లోపలికి లాగి కళ్ళద్దాల పైనుంచి చూసినట్టు చూశాడు. ఎల్‌ఐసీ ఆయన "కాదు కాదు, ఇలా" అని తనూ లేచాడు. రైతులూ లేచారు. మా పందిరి కింద యాభై ఏళ్ళ మగవాళ్ళు నలుగురు ఒకే మనిషిలా నిలబడి ఉన్నారు. ఎవరికి వాళ్ళు మిగతా ముగ్గురూ తప్పు అంటున్నారు. ఒక్క విషయంలో మాత్రం తేడా లేదు. నలుగురికీ ఎడమ భుజమే దిగింది.

వాళ్ళు వెళ్ళాక మావయ్య గోడ మీద బొగ్గుతో ఏటవాలుగా ఒక గీత గీసి, "ఇది దొరికింది అల్లుడూ. ఇక మిగిలింది ముక్కూ మూతీనే" అన్నాడు. ఆ ముక్కూ మూతీకి ఎన్ని నెలలు పట్టిందో తర్వాత చెప్తాను.

మావయ్య యాభైల చివర్లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చదివాడు. అక్కడ 1929 నుంచి 1957 దాకా పేరున్న శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌదరి ప్రిన్సిపాల్. మావయ్య చేరేసరికి ఆయన దిగిపోయారు, ఆ కుర్చీలోకి కె.సి.ఎస్. పణిక్కర్ వచ్చారు. రాయ్ చౌదరి దగ్గర పాఠం వినలేకపోయానన్న వెలితి మావయ్యకి చివరిదాకా ఉండేది. అది తీర్చుకోవడానికన్నట్టు ఆదివారాలు మెరీనా బీచికి పోయి, 1959లో అక్కడ పెట్టిన ఆయన 'ట్రయంఫ్ ఆఫ్ లేబర్' కంచు విగ్రహం ముందు కూర్చునేవాడట. నలుగురు కూలీలు ఒక పెద్ద బండని కదిలిస్తూ ఉంటారు. ముందు కూర్చునేవాడు అన్నాను గానీ, నిజానికి వెనక. ముందు నుంచి అందరూ చూస్తారు, వీపులు ఎవరూ చూడరు, బరువంతా వీపుల్లోనే ఉంది అనేవాడు. ఉద్యోగంలో చేరాక నేను మద్రాసు వెళ్ళినప్పుడు పనిగట్టుకుని ఆ విగ్రహం వెనక్కి వెళ్ళి చూశాను. మావయ్య చెప్పింది అక్షరాలా నిజం. మొహాలన్నీ చెరిపేసినా ఆ మనుషులు ఎంత బరువు మోస్తున్నారో నడుములు చూసి చెప్పెయ్యొచ్చు.

పని మట్టితో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. ఇనుముతో మొదలవుతుంది. మనిషి ఎత్తు బొమ్మని మనిషంతే చేస్తే ఆరుబయట ఆకాశం కింద పొట్టిగా కనిపిస్తుంది. అందుకని ఏడడుగులు అనుకున్నారు. షెడ్డు నేల మీద సున్నంతో ఏడడుగుల మనిషిని గీసి, ఆ గీతల మీద పైపులు వంచి, వెల్డింగ్ షాపులో అతికించుకొచ్చారు. దాన్ని ఆర్మేచర్ అనేవాడు. ఆ అస్థిపంజరానికి కూడా ఎడమ భుజం దిగే ఉంది. తల దగ్గర మాత్రం ఇనుము బదులు సీసం గొట్టం, కావలసినప్పుడు మెడ అటూ ఇటూ వంచుకోవడానికి. పైపుల నిండా బైండింగ్ వైరుతో చిన్న చిన్న కర్రముక్కలు అడ్డంగా, నిలువుగా కట్టి వేలాడదీసేవాళ్ళు. వాటిని బటర్‌ఫ్లైలు అంటారు. అవి లేకపోతే మట్టి ఇనుముని పట్టుకోదు. రాత్రికి రాత్రి ఛాతీ అంతా జారి నేల మీద పడుతుంది.

ఇక మట్టి. కుమ్మరివాళ్ళు తెచ్చుకునే చెరువు మట్టే ట్రక్కులో వచ్చేది. దాన్ని ముందు ఎండలో బాగా ఎండబెట్టాలి. తడి గడ్డ నీళ్ళలో వేస్తే రోజుల తరబడి కరగదు, ఎండిన గడ్డ వేస్తే బుసబుసమని నురగ కక్కి క్షణాల్లో విచ్చుకుపోతుంది. ఆ చప్పుడు నాకు భలే ఇష్టంగా ఉండేది. విచ్చుకున్నదాన్ని గుడ్డలో వడగట్టి, రాళ్ళూ వేర్లూ తీసి, ఇటుకల మీద ఆరబోసి, కాళ్ళతో తొక్కి, తొట్టిలో వేసి గోనెపట్టా కప్పేవాళ్ళు. మట్టి కుదిరిందో లేదో చూడటానికి వేలంత లావు తాడు చేసి వంచుతారు. పైన పగుళ్ళు వస్తే ఇంకా తొక్కాలి. పాతబడేకొద్దీ మట్టికి పట్టు పెరుగుతుంది, వాసనా పెరుగుతుంది. మా తొట్టిలో మట్టి ఎన్నేళ్ళ పాతదో మావయ్యకే గుర్తులేదు. ఒక బొమ్మకి వాడిందే మళ్ళీ తొట్టిలోకి వెళ్ళి ఇంకో బొమ్మకి వచ్చేది. కొత్త ట్రక్కు వచ్చేది తరిగినదాన్ని పూడ్చుకోవడానికే. అంతకు ముందు గాంధీ అయిన మట్టే ఇప్పుడు లెక్కల మాస్టారు కాబోతోంది.

శిల్పం అనగానే మనవాళ్ళకి ఆళ్ళగడ్డ, దుర్గి రాతిపని గుర్తొస్తుంది. ఉలితో రాయి చెక్కడం. అక్కడ తీసేయడమే గానీ కలపడం లేదు, చెయ్యి జారితే అంతే సంగతులు. పైగా గుడి శిల్పాలు చెక్కే స్థపతులకి తాళమానం ఉంది. దేవుడి మొహం ఇంత, దానికి ఇన్ని రెట్లు శరీరం అని శాస్త్రంలోనే రాసి ఉంటుంది. లెక్కల మాస్టారికి శాస్త్రం లేదు. మట్టిలో ఎంతైనా కలపొచ్చు, ఎంతైనా తీయొచ్చు. సుఖం అనుకుంటాం గానీ, మావయ్య దృష్టిలో మట్టికున్న అసలు చిక్కే అది. ఆపమని చెప్పేవాడు ఉండడు.

మొదట కాళ్ళు, నడుము, ఛాతీ, తల అన్నీ ముద్దలు ముద్దలుగా పెరిగాయి. మొహం లేదు, వేళ్ళు లేవు. మట్టిని గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలితో ఒత్తి అతికించి, బల్లపరుపు చెక్కతో తట్టేవాడు. తల పైనుంచి తాపీమేస్త్రీల గుండుదారం వేలాడదీసి, బరువు ఏ పాదం మీద పడుతోందో చూసుకునేవాడు. మెడ గుంట నుంచి దారం వదిలితే అది బరువు మోసే కాలి మడమ దగ్గరికి రావాలి. అటూ ఇటూ అయితే బొమ్మ ఒరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. ఎందుకలా అనిపిస్తుందో చూసేవాళ్ళకి తెలియదు, ఏదో బాగాలేదంటారు అంతే.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ఘట్టం ఉంది. మావయ్య పద్ధతిలో బట్టలకి ముందు ఒళ్ళు చెయ్యాలి. పంచె కింద మోకాలు ఎక్కడుందో తెలియకుండా పంచె మడత ఎలా వేస్తాం అని ఆయన వాదన. కాబట్టి కొన్ని వారాల పాటు ఊరంతా గౌరవించే లెక్కల మాస్టారు మా షెడ్డులో దిగంబరంగా నిలబడ్డారు. అత్తయ్య ఆ వైపు రావడం మానేసింది, కాఫీ నాతోనే పంపేది. కమిటీవాళ్ళు వస్తున్నారని కబురొస్తే చాలు, మావయ్యా నేనూ పరిగెత్తుకుంటూ వెళ్ళి తడి దుప్పట్లు చుట్టబెట్టేవాళ్ళం. ఒకసారి ఎల్‌ఐసీ ఆయన చెప్పాపెట్టకుండా వచ్చేశాడు. ఆయన మొహం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. "ఆర్టిస్టు గారూ, ఇదేంటండీ" అన్నాడు ఏడుపు గొంతుతో. మావయ్య తాపీగా, "మీరూ నేనూ లోపల ఇంతే కదండీ" అన్నాడు. ఆయన ఊరెళ్ళి ఎవరికీ చెప్పలేదనుకుంటా, చెప్పి ఉంటే ఆర్డరు పోయేది.

పంచె కోసం మోడల్ నేను. మాస్టారి పంచె కట్టు, లాల్చీ, మెడలో కండువా నాకు తొడిగి, చేతులు వెనక్కి పెట్టించి, ఎడమ భుజం దించమనేవాడు. గంజి పలచగా కలిపి పంచెని అందులో ముంచితే మడతలు చెదరకుండా నిలబడతాయి. అంటే ఆరేదాకా నేనూ నిలబడాలి. పద్నాలుగేళ్ళవాడికి అది ఎంత నరకమో చెప్పలేను. ఈగ వాలినా కదలకూడదు. మావయ్య మాత్రం మడతల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటూ ఉండేవాడు. నాతో కాదు, మడతలతో. "ఇది బొడ్డు దగ్గర పుట్టింది, మోకాలి దగ్గర ఆగింది. నువ్వెక్కడి నుంచి వచ్చావు? నువ్వు దొంగ మడత." ఎక్కడా పుట్టకుండా ఊరికే ఉన్న మడతని దొంగ మడత అనేవాడు. ఈ రోజుకీ విగ్రహం కనిపిస్తే నేను ముందు చూసేది దొంగ మడతలున్నాయా అని. దాదాపు ప్రతిదానికీ ఉంటాయి. కొన్నిటికి అన్నీ అవే.

ఎండాకాలం వచ్చింది. రేకుల కింద మట్టి ఎంత తొందరగా ఆరిపోతుందంటే, పొద్దున కప్పిన గోనెపట్టాలు మధ్యాహ్నానికి గలగలలాడేవి. ఆరితే మట్టి కుంచించుకుపోతుంది, లోపలి ఇనుము కుంచించుకోదు, దాంతో నెర్రెలు. ఎక్కువ తడిపితే బరువెక్కి జారుతుంది. దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు కడిగి, అందులో నీళ్ళు పోసి సన్నగా చిమ్మేవాణ్ణి. మొహం మీద గోనె అచ్చు పడకుండా వెదురు బద్దలతో గూడు కట్టి, దాని మీద పల్చటి పాత చీర తడిపి కప్పి, ఆ పైన ప్లాస్టిక్ షీటు. మావయ్య పని చేసినా చెయ్యకపోయినా ఈ తంతు ఆగకూడదు. ఆ వేసవిలో అత్తయ్య పుట్టింటి పెళ్ళికి అందరం వెళ్ళలేకపోయాం. "పాడిగేదె ఉన్న ఇల్లూ, పచ్చి బొమ్మ ఉన్న ఇల్లూ ఒకటే. ఒక్క పూట తాళం వెయ్యడానికి లేదు" అని అత్తయ్య విసుక్కుంది. తర్వాత మా ఇంట్లో ఇది సామెతలా స్థిరపడిపోయింది.

మొహం దగ్గర పని ఆగిపోయింది.

కళ్ళూ ముక్కూ చెవులూ అన్నీ వచ్చాయి. ఫోటోలో ఉన్న కొలతలు పెద్దవి చేసి క్యాలిపర్స్‌తో సరిచూశాడు. కమిటీవాళ్ళు మాస్టారి తమ్ముణ్ణి తీసుకొస్తే ఆయన చెవులు, నుదురు కూడా కొలిచాడు. 1785లో జార్జి వాషింగ్టన్ విగ్రహం కోసం ఫ్రాన్సు శిల్పి ఊదాన్ అమెరికాకి ఓడెక్కి పోయి, ఆయన మొహం అచ్చు తీసుకుని ఒళ్ళంతా కొలుచుకుని వచ్చాడని చెప్తూ, "ఆయనకి మనిషి దొరికాడు, నాకు తమ్ముడు దొరికాడు" అన్నాడు. అన్నీ సరిపోయాయి. కానీ ఎవరో పెద్దమనిషిలా ఉన్నాడు తప్ప మాస్టారిలా లేడని వచ్చినవాళ్ళంతా అన్నారు. ముక్కు కొంచెం పొడుగండీ అని ఒకరు, కాదు పొట్టండీ అని ఇంకొకరు. మావయ్య ముక్కు ముట్టుకోలేదు. పోలిక తప్పిందని జనం ముక్కు మీద చెప్తారు, తప్పు ఇంకెక్కడో ఉంటుంది అన్నాడు.

అప్పటి నుంచి ఆయన చేసిన పనిని పని అనాలో లేదో నాకు తెలియదు. పొద్దున్నే వచ్చి గుడ్డలు విప్పి, చుట్ట వెలిగించి, స్టూలు మీద కూర్చుని చూసేవాడు. లేచి బొమ్మ చుట్టూ తిరిగేవాడు. అద్దంలో వెనక్కి తిప్పి చూసేవాడు, అలవాటైన తప్పు అద్దంలో కొత్తగా కనిపిస్తుందని. రాత్రి షెడ్డులో లైట్లన్నీ ఆర్పేసి, ఒకే ఒక్క బల్బుని కర్రకి కట్టి నా చేతికిచ్చి, కుడి నుంచి, ఎడమ నుంచి, కింది నుంచి చూపించమనేవాడు. చెయ్యి మాత్రం పెట్టేవాడు కాదు. మధ్యలో విసుగొస్తే వీపు వెనక ఉన్న చేతులు చేసేవాడు. ఆ చేతులు అద్భుతంగా వచ్చాయి. సుద్దముక్క పట్టీ పట్టీ అరిగిన బొటనవేలు, పొంగిన నరాలు. గోడ ముందు పెట్టబోయే విగ్రహానికి వెనక చేతులు ఎవరు చూస్తారని అడిగితే, "పిల్లలు చూస్తారు. పిల్లలెప్పుడూ వెనక్కే పోతారు" అన్నాడు.

అత్తయ్యకి టెన్షన్ మొదలైంది. అడ్వాన్స్ ఎప్పుడో ఖర్చయిపోయింది. షాపులో పద్దు పెరుగుతోంది. ఇంకో ఊరివాళ్ళు గాంధీ తల కావాలని వస్తే, ఈ పని అయ్యేదాకా కాదని పంపేశాడు. అచ్చు గోడకే ఉంది, పోసివ్వడమే. అయినా ఒప్పుకోలేదు. దీన్ని దీక్ష అనాలో మొండితనం అనాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇల్లు నడిపిన మనిషిని అడిగితే మొండితనమనే అంటుంది, ఆవిడ మాట కొట్టెయ్యడానికి లేదు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మాస్టారి మెడ తెగి ఉంది. తీగతో గొంతు కింద కోసి, సీసం గొట్టం పట్టుకుని, తలని కాస్త ముందుకీ కాస్త ఎడమకీ వంచాడు మావయ్య. అంగుళం కూడా ఉండదు. అంతసేపూ భుజం దించాడు గానీ, దిగిన భుజానికి తగ్గట్టు మెడ సర్దుకోలేదట. ఒక భుజం దిగితే తల దాన్ని సరిచూసుకోవడానికి కొంచెం తిరుగుతుంది, మనకి తెలియకుండానే. తలని గుండుదారంతో నిటారుగా పెట్టేసి ముక్కు కోసం వెతుకుతున్నానని తనని తానే తిట్టుకున్నాడు. కోసిన చోట కొత్త మట్టి పూడ్చి, గడ్డం కింద నీడ కొంచెం లోతు చేసి, కళ్ళద్దాల పైనుంచి చూసే ఆ చూపుకి కనుబొమలు ఎత్తాడు. కనుపాప దగ్గర గుంట తవ్వి, దాని పైఅంచున మెతుకంత మట్టి వదిలేశాడు. దాని మీద వెలుగు పడి కంట్లో తళుకులా కనిపిస్తుంది. ఇది ఊదాన్ నుంచి అందరూ నేర్చుకున్న కిటుకు.

తర్వాతి ఆదివారం మిల్లాయన వచ్చాడు. వేళ్ళ మధ్య సిగరెట్టు, నోట్లో గాంధీ తల ఎంతవుతుందన్న ప్రశ్న. షెడ్డు గుమ్మం దాటి రెండడుగులు వేశాడు. సిగరెట్టున్న చెయ్యి దానంతటది వీపు వెనక్కి పోయింది. ఆయనకి అది తెలిసినట్టు కూడా లేదు. తెలిశాక సిగ్గుపడి నవ్వేశాడు, సిగరెట్టు మాత్రం బయటికి వెళ్ళి పారేసొచ్చాడు. మావయ్య నా వైపు చూసి కన్ను కొట్టాడు. ముక్కు గురించి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఇంకా పైపని ఉందన్నాడు. కమిటీకి బొమ్మ నున్నగా ఉండాలి. వేలిముద్రలూ చెక్క గీతలూ కనిపిస్తుంటే, "ఫినిషింగ్ ఎప్పుడు చేస్తారు?" అని అడిగేవాళ్ళు. అదే ఫినిషింగ్ అని మావయ్య అంటే నమ్మేవాళ్ళు కాదు. తడి బ్రష్షుతో రుద్దితే మట్టి సబ్బులా మెరుస్తుంది, కానీ ఎండలో అలాంటి విగ్రహం మీద నీడలు నిలబడవు. నిలబడకపోతే దూరం నుంచి ఏమీ కనపడదు. చివరికి బుగ్గలూ నుదురూ వాళ్ళ కోసం నున్నగా చేసి, బట్టలూ చేతులూ తనకోసం గరుగ్గా ఉంచుకున్నాడు. రాజీ అంటే రాజీనే గానీ ఆ గరుకు లాల్చీ మధ్య ఆ నున్నటి మొహం ఇంకా బాగుందని నాకనిపిస్తుంది. మావయ్య దగ్గర ఈ మాట ఎప్పుడూ అనలేదు.

అచ్చు తీసే రోజు పండగ హడావిడే. డాల్డా డబ్బాల రేకుని చిన్న ముక్కలుగా కత్తిరించి, బొమ్మ పక్కల వెంబడి వరసగా గుచ్చేవాళ్ళు, అచ్చు రెండు మూడు భాగాలుగా ఊడి రావడానికి. మొదటి పూత ప్లాస్టర్‌లో నీలిమందు కలుపుతారు. తర్వాత పోత పోసి అచ్చుని ఉలితో పగలగొట్టేటప్పుడు నీలం కనిపించగానే ఇక విగ్రహం దగ్గరికొచ్చాం, జాగ్రత్త అని గుర్తు. నీలం నీళ్ళు చేత్తో విసిరితే మాస్టారు ఒక పూట హోలీ ఆడినట్టు తయారయ్యారు. దాని మీద తెల్ల ప్లాస్టర్ మందంగా, మధ్యలో జనపనార, పైన ఇనప కడ్డీలు. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది. చెయ్యి ఆనిస్తే జ్వరమొచ్చిన ఒళ్ళులా తగులుతుంది. కాసేపటికి చల్లారుతుంది.

మర్నాడు రేకుల సందులో చెక్క మేకులు దిగ్గొట్టి, నీళ్ళు పోసి, అచ్చు వెనక భాగం ఊడదీశారు. లోపలి మట్టిని చేతుల్తో, గరిటెలతో తవ్వి తీసి తొట్టిలోకి విసిరేయడం నా పని. నెలల తరబడి ఈగ వాలనివ్వకుండా కాపాడినదాన్ని ఒక్క పూటలో ముద్దలు ముద్దలుగా తవ్వాను. బాధ పడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధం. రేపటి నుంచి నీళ్ళు కొట్టే పని తప్పిందన్న ఆనందంలో ఎగిరెగిరి తవ్వాను. అచ్చు లోపల మాస్టారి మొహం తిరగేసి, గుంటగా ఉంది. ఎటు నుంచి చూస్తే అటు తిరిగినట్టుండేది. మావయ్య కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

కంచు పోయించే డబ్బు చందాల్లో లేదు కాబట్టి సిమెంటు పోశారు. కళ్ళద్దాలు ఇత్తడి తీగతో చేసి తర్వాత అమర్చాడు. పైన కంచు రంగు వేశారు.

ఇప్పుడు మా మావయ్య కొడుకు అదే షెడ్డు నడుపుతున్నాడు. ఫోటో కంప్యూటర్‌లో వేస్తే మెషిన్ థర్మోకోల్‌ని కోసి ఆకారం తెచ్చేస్తుంది, దాని మీద మట్టి పల్చగా పూసి సవరిస్తారు, ఫైబర్ పోస్తారు. వారాల్లో విగ్రహం లారీ ఎక్కుతుంది. ఊళ్ళో మిగతా శిల్పులు పాత ఇనప తుక్కుతో పెద్ద పెద్ద బొమ్మలు చేసి పేపర్లకెక్కుతున్నారు. అది తప్పని నేననను. మా బావకీ ఇల్లు గడవాలి, అత్తయ్య పడ్డ పాట్లు చూసినవాడు. మట్టి పూసేటప్పుడు మాత్రం వాడూ తన తండ్రిలాగే లైట్లన్నీ ఆర్పి ఒక బల్బుతో చూస్తాడు.

పీఠం గురించి చెప్పకుండా ఆపితే మావయ్య నన్ను క్షమించడు. పీఠం నాలుగడుగులే ఉండాలని ఆయన ముందే కాగితం మీద గీసి ఇచ్చాడు. కింద నిలబడి చూస్తే తల చిన్నదవుతుందని కొంచెం పెద్దది చేశాడు, చూపు కూడా ఆ ఎత్తుకి లెక్కగట్టి వంచాడు. కానీ చందాలిచ్చినవాళ్ళందరి పేర్లూ పాలరాతి మీద చెక్కించాల్సొచ్చింది, ఎవర్నీ వదిలేయడానికి లేదు. పేర్లు పెరిగేకొద్దీ పీఠం పెరిగి ఆరడుగులు దాటింది. ఆవిష్కరణ రోజు ముసుగు తీయగానే మాకు కనిపించింది గడ్డం, ముక్కు రంధ్రాలు, కళ్ళద్దాల కింది అంచు. భుజం దిగిందో లేదో ఎవరికీ తెలియదు. మావయ్య శాలువా కప్పించుకుని, భోజనం చెయ్యకుండా బస్సెక్కేశాడు. ఆ తర్వాత ఆ రోడ్డు మీద వెళ్ళాల్సొస్తే బస్సులో అవతలి వైపు కూర్చునేవాడు.

మొన్న సంక్రాంతికి పనుండి ఆ ఊరు వెళ్ళాను. స్కూలు ముందు రోడ్డుని ఇన్నేళ్ళలో పొర మీద పొర వేసి పెంచుకుంటూ పోయారు. వాన నీళ్ళు ఆవరణలోకి వస్తున్నాయని లోపలా ట్రాక్టర్లతో మట్టి తోలి మెరక చేశారు. చేతిలో టేపు లేదు గానీ, పక్కన నిలబడి చూసుకుంటే పీఠం నా ఛాతీ దాకా వచ్చింది, నాలుగడుగులకి అటూ ఇటూగా ఉంటుంది. మాస్టారు కళ్ళద్దాల పైనుంచి సూటిగా చూస్తున్నారు, ఎడమ భుజం గోడ మీద బొగ్గుగీత ఎంత వాలిందో అంతే వాలి ఉంది. ఇద్దరు పిల్లలు వెనక్కి వెళ్ళి ఆ చేతుల మీద ఎక్కడానికి చూస్తున్నారు. పాలరాయిలో దాతల పేర్లు పై రెండు వరసలే మిగిలాయి, మిగతావన్నీ నేలలోకి పోయాయి.